భోజనం సీనుకు ముందు సూది

తెలివితక్కువ పనులకు పోటీ పెడితే మొదటి బహుమతి నాకు తెచ్చిపెట్టగల పని ఒకటి చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి, ఆ రోజు సినిమా యూనిట్ మొత్తం నవ్వింది.

కృష్ణానగర్ గదిలో ఉంటూ మూడేళ్లు గుంపులో నిలబడ్డాక, మొదటిసారి మాట ఉన్న వేషం దొరికింది. పెళ్లి పంక్తిలో బూరెలు లాగిస్తూ "ఇంకో నాలుగు వెయ్యండి!" అనాలి. షూటింగ్‌కు ఇంకా మూడు వారాలున్నాయి. తెర మీద ఇంత పొట్టేసుకుని కనబడితే పరువేం కాను? జిమ్ములో స్నేహితుడొకడు ఆకలి చంపే ఇంజెక్షన్ ఇచ్చాడు. డాక్టర్ మొహమైనా చూడకుండా వారం వారం పొడుచుకున్నాను. చివరివారం తొందరెక్కువై మోతాదు కూడా పెంచాను, ఘనుణ్ణి!

ఫిల్మ్‌నగర్ సెట్‌లో అరిటాకు ముందు కూర్చున్నానా, మొదటి బూరెకే కడుపులో తిప్పింది. "కట్!" రెండో బూరె. "కట్!" అయిదో టేకుకు పక్కనున్న పెళ్లిపెద్ద పట్టుపంచె మీద కక్కేశాను.

నాకు వేషం ఇప్పించిన కో-డైరెక్టర్ యాదగిరన్న పరుగెత్తుకొచ్చాడు. "ఏందిర గిది? ఏమైంది నీకు?"

"ఏమో అన్నా! నిన్న తిన్న ఇడ్లీ ఇంకా కడుపులోనే ఉన్నట్టుంది."

"పా, జర డాక్టర్‌కు చూపిద్దాం."

వేషం సంగతి సరే, ప్రాణమే పోతుందనుకున్నాను. శ్రీనగర్ కాలనీలో డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, సూది సంగతి వినగానే తల పట్టుకుంది.

"తిన్నాక మీ పేగే ఒక హార్మోన్ వదులుతుందండీ. పొట్టకు 'మెల్లగా కానీ' అని, మెదడుకు 'ఇక చాలు' అని కబురు చెప్పి కాసేపట్లో కరిగిపోతుంది. మీరు పొడుచుకున్నది దానికి నకలు. అది వారమంతా అదే కబురు చెబుతుంది. మీరు తినకముందే మెదడు చాలంటోంది. పైగా మోతాదు పెంచారు, కక్కక ఏం చేస్తారు?"

"అయితే నేను చావనా అండీ?"

"చావరు. ఇంకో సూది మాత్రం ముట్టకండి. వాంతులు ఆగకపోతే వెంటనే రండి."

అమ్మయ్య! ఆవిడ కాళ్ల మీద పడబోయి, కళ్లు తిరిగి ఆగాను. బయటికొచ్చి భయంభయంగా అడిగాను. "వేషం పోయిందా అన్నా?"

"పోలే. డైరెక్టర్ సార్ నీ సీను పది దినాలు జరిపిండు. గని ఆ సూది ఎందుకు పొడుచుకున్నవ్‌రా?"

"పొట్ట తగ్గుతుందని."

యాదగిరన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. "అరే, అది తిండిబోతు వేషం! గంత మందిల నిన్ను ఏరిందే ఆ పొట్ట చూసి గదరా!"

సకల జనుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. డాక్టర్ రాయని సూది ఈ జన్మలో పొడుచుకోను. నాలో ఏం చూసి వేషమిచ్చారో అడగకుండా, ఒక్క వెంట్రుక కూడా కత్తిరించుకోను.