ఆడ మంచిగనే ఉన్నదంట

హైటెక్ సిటీ కొత్తగా తెరిచిన రోజులు. సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌ను విడుదలకు ముందే సీడీల్లో అందరికీ పంచి, తప్పులు మమ్మల్నే పట్టమనేది ఒక విదేశీ కంపెనీ. మా ఆఫీసులో ఆ చాకిరీ మా సీనియర్‌ది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి సర్వర్ గదిలోకి వెళ్లేవాడు. సర్వర్ పడిపోయినప్పుడల్లా కంపెనీకి మెయిల్ రాసేవాడు. జవాబు ఎప్పుడూ ఒకటే: మా దగ్గర బాగానే పనిచేస్తోంది.

"ఆడ మంచిగనే ఉన్నదంట తమ్మీ. పడేది ఈడనే," అంటూ నిట్టూర్చి, మళ్లీ స్టార్ట్ చేసేవాడు.

ఒకరోజు ఛాతీలో నొప్పని దవాఖానకు వెళ్లి, మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"డాక్టర్ ఏమన్నాడన్నా?" అని అడిగాను.

గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఈసీజీల మంచిగనే ఉన్నదంట తమ్మీ. నొచ్చేది ఈడనే."