తొమ్మిది మూరల దూలం

మా ఆత్మకూరు ఇంటి నడిమి గదిలో పడమటి గోడకు ఆనుకొని గోడంత ఎత్తు రాతి దిమ్మె ఒకటి ఉంది. అది వాస్తు దోషం పోవడానికి కట్టించినదని మా బంధువొకరు ఈ మధ్య పెళ్లిపందిట్లో పదిమందికి చెబుతుండగా విన్నాను. పక్కనే కూర్చున్న నన్ను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. తెలియని సంగతిని తెలిసినట్లు చెప్పడం ఈ రోజుల్లో పెద్దరికమైపోయింది. ఆ ఇల్లు కట్టిన నాటి నోటుపుస్తకం నా దగ్గర భద్రంగా ఉంది. అందులో ఉన్న ప్రకారమే ఇది రాస్తున్నాను.

మేము ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులవి. నేను ఉదయగిరిలో బడిపంతులుగా పనిచేస్తూ శనివారం సాయంత్రం బస్సులో ఆత్మకూరు వచ్చి, సోమవారం మొదటి బస్సుకు తిరిగి వెళ్లేవాణ్ణి. నాయన పోయిన నాటి నుంచి అమ్మ తన అన్న ఇంట్లో, ధాన్యం గదిలో ఒక మూల మంచం వేసుకొని ఉండేది. మేనమామ మంచివాడు. అత్త కూడా చెడ్డది కాదు, కాని నోటికి వచ్చిన మాటను ఆపుకోవడం ఆమెకు చేతకాదు. మేము పునాది తవ్వించిన రోజు చూడవచ్చి, "నీ కొడుకు మిద్దె లేచేలోగా నీ పెట్టెకు చెదలు పడతాయిలే" అన్నది.

అమ్మ నవ్వలేదు. "ఈ ఏటి వాన నా మిద్దె మీదనే పడతాది వదినా, చూస్తా ఉండు" అన్నది.

ఆ మాటతో పని ఎంత బిగిసిందో ఇల్లు కట్టినవారికే తెలుస్తుంది. మావి మట్టిగోడలు. ఒక వరుస పెట్టి, అది ఆరేదాకా ఆగి, దానిమీద మరొక వరుస పెట్టాలి. తొందరపడితే కింది వరుస ఉబ్బి కూలుతుంది. ఆలస్యం చేసి, పైకప్పు లేకుండానే ఆశ్వయుజం దాటనిస్తే మొత్తం గోడలే వానకు కరిగిపోతాయి. అప్పుడు అమ్మకు మరో ఏడాది ధాన్యం గదే గతి.

పునాది ఎంత లోతున గట్టినేల తగిలిందో, ఏ వరుస ఎన్ని రోజులు ఆరిందో, ద్వారబంధం ఏ ఘడియలో నిలబెట్టామో అన్నీ రాసుకొన్నాను. మేస్త్రీ ఆరడుగుల మనిషి, అక్షరం ముక్క రానివాడు. తన మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా కొలిచి కోసుకొన్న వెదురు మూరకోల ఒకటే అతని సరంజామా. "రాయకపోతే మరిచిపోతావు" అని నేను గద్దిస్తే, "గోడ మరిచిపోదులే అయ్యోరా" అనేవాడు. గది వెడల్పుకు దూలం తొమ్మిది మూరలు ఉండాలని అతడు చెప్పగా రాసుకొని, ఆ అంకెను ఉదయగిరిలో నాకు తెలిసిన వడ్రంగికి ఇచ్చాను. కొయ్య గరిటెలు చెక్కడంలో పేరున్నవాడు, పొట్టి మనిషి. కొండ నుంచి నల్లమద్ది మాను తెప్పించి, చెక్కి, మూడు రోజుల బండి ప్రయాణం చేసి ఒక శనివారం తనే వెంట వచ్చాడు.

ఆదివారం ఉదయం దూలాన్ని పైకెత్తారు. ఒక కొన తూర్పు గోడ మీద కూర్చున్నది. రెండవ కొన పడమటి గోడను అందుకోలేదు.

నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ పుస్తకం తెరిచి, "తొమ్మిది మూరలని రాసి ఉంది. నువ్వు కోసింది ఎంత?" అని వడ్రంగిని నిలదీశాను.

"తొమ్మిదే" అని అతడు తన కోలతో కొలిచి చూపించాడు. తొమ్మిదే ఉంది.

"గరిటెలు చెక్కే చేతికి దూలమిస్తే ఇంతే" అని మేస్త్రీ తన కోలతో కొలిచాడు. ఎనిమిదికి కాస్త తక్కువే వచ్చింది.

"నీ చెయ్యి తాటిమట్ట అయితే అది నా తప్పా?" అన్నాడు వడ్రంగి. ఇద్దరూ మోచేతులు ఒకే రాతిమీద ఆనించి చూసుకొన్నారు. వడ్రంగి వేలు మేస్త్రీ వేలికి మూడంగుళాలు ఇవతలే ఆగిపోయింది.

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "అంకె రాసినారు గాని, చెయ్యి ఎవరిదో రాయలేదు అయ్యోరా."

నేను పుస్తకం మూసేశాను. బడిలో గజమూ అడుగూ నేర్పే నేను, ఇల్లు కట్టే చోట మూర అంటే అందరికీ ఒకటే అనుకొన్నాను.

ఇనుపపట్టీలు వేసి కొత్త ముక్క అతుకుదామన్నాడు వడ్రంగి. అమ్మ అడ్డం వచ్చింది. "అతుకు దూలం కింద కాపురం అతకదు. ఆ పని వద్దు."

"మరేం చేద్దామమ్మా? ఇంకో మాను రావాలంటే నెల పడతాది" అన్నాడు మేస్త్రీ.

"దూలం గోడ కాడికి పోలేకపోతే, గోడనే దూలం కాడికి రమ్మను."

మేస్త్రీ పడమటి గోడ వైపు చూశాడు. ఆ తరువాత నవ్వి తలపాగా విప్పి మళ్లీ చుట్టుకొన్నాడు. మట్టితో కడితే ఆరేదాకా ఆగాలి కనుక, గోడకు ఆనించి రాతితోనే దిమ్మె లేపాడు. రాళ్లు అందించింది వడ్రంగే. నాలుగో రోజున దూలం రెండో కొన దానిమీద కూర్చుంది. ఆపైన దూలానికి అడ్డంగా దంతెలనే సన్నవాసాలు పరిచి, వాటిమీద కంప వేసి, మట్టి తొక్కించి, చివరగా నీరు దిగనివ్వని చౌడుమట్టి పోసి మెత్తించాం. పాలు పొంగించుకొని లోపలికి చేరిన రోజు కూడా చౌడు పూర్తిగా ఆరలేదు.

తరువాతి ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకొంది. అత్త వీధిలో వెళుతూ కొంగు నెత్తిన వేసుకొని మా గడప ముందు ఆగింది.

"తడుస్తావేంది వదినా, లోపలికి రా" అన్నది అమ్మ.

అత్త లోపలికి వచ్చి, కూర్చోకుండా పైకప్పును ఈ మూల నుంచి ఆ మూల దాకా పరీక్షగా చూసింది. ఎక్కడా చుక్క రాలలేదు. చివరకు దిమ్మెకు వీపు ఆనించి, కాళ్లు చాపుకొని కూర్చున్నది.

"ఆనుకొనేదానికి బాగుండాది. మా ఇంట్లో ఇట్టాంటిది లేదు" అన్నది.

అమ్మ పొయ్యి మీద కాఫీకి నీళ్లు పెట్టింది.