పెట్ట అని చెప్పిన పుంజు

మా ఇంటిగలావిడ పోయారు. సోమవారం బడిలో పాఠం చెబుతుంటే ఆఫీసు రూముకి ఫోన్ వచ్చిందని పిలిచారు. ఆవిడ కూతురు. "అమ్మ పోయిందండి టీచరుగారూ. నిద్రలోనే పోయింది. మీకు చెప్పకుండా ఉండలేకపోయాను," అంది. నేను "అయ్యో" అన్నాను. తరగతికి వెళ్ళి, పిల్లల్ని పుస్తకం తీసి చదువుకోమని చెప్పి కూర్చున్నాను.

మీలో ఎవరికీ ఆవిడ తెలిసే అవకాశం లేదు. పిఠాపురానికి దగ్గర్లో ఓ ఊళ్ళో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు, వాళ్ళ పెంకుటింట్లో వెనక భాగం నాకు అద్దెకిచ్చారు. భర్త వ్యవసాయం చేసేవారు. మనసు మాత్రం జాతికోళ్ళ మీద ఉండేది. పుంజుల్ని పందేలకి పెంచేవారు, అడిగినవాళ్ళకి అమ్మేవారు. పిల్లల్ని బతికించే పనంతా ఆవిడది.

జాతికోడి పిల్లల్లో ఏది పుంజో ఏది పెట్టో తొందరగా తెలియదు. నెత్తిన జుట్టు ఎర్రబడితేగాని మామూలు కంటికి తేడా కనబడదు. ఆవిడ మాత్రం ఈకలు సరిగ్గా రాకముందే చెప్పేసేవారు. పిల్లని అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో కాలి లావు చూసేవారు. రెక్క విప్పి ఈక ఎంతవరకు వచ్చిందో చూసేవారు. పెట్టలకి ఈక ముందొస్తుందట. చివరికి కిందకి వదిలి, పైన తుండుగుడ్డ ఒకసారి విదిలించేవారు. నక్కి పరిగెత్తేది పెట్ట. మెడ నిక్కించి నిలబడేది పుంజు.

"నిలబడ్డందుకేనండి దాని ప్రాణం మీదకొచ్చేది," అన్నారు ఓసారి నాతో. ఎవరి మీదా కోపం లేకుండా, కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పినట్టే చెప్పారు. ఆవిడ పుంజు అని చెప్పిన పిల్లకి ఆ రోజునుంచే వేరే తిండి, వేరే గంప. పెట్టల వైపు ఆయన తల తిప్పి చూసేవారు కారు.

ఓ వేసవిలో కొక్కెర రోగం వచ్చి గంపలు గంపలు ఖాళీ అయిపోయాయి. పొద్దున్నే ఆవిడ వంగి ఒక్కొక్క పిల్లనీ తీసి పక్కన పెట్టడం నా కిటికీలోంచి కనబడేది. ఒక పెట్ట పొదిగిన వాటిలో ఒక్కటే మిగిలింది, ఎర్రటి పిల్ల, ఆ రంగు కోడిని డేగ అంటారు. దాన్ని తన మంచం పక్కన బుట్టలో పడుకోబెట్టుకుని, నూకల జావ వేలితో నాకించి బతికించారు.

అది కాస్త తేరుకున్నాక ఆయన అడిగారు. "ఏంటే, పుంజేనా?"

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. కాలు చూశారు, రెక్క చూశారు. గుడ్డ విదల్చలేదు.

"పెట్టేనండి," అన్నారు.

ఆయన నమ్మి వెళ్ళిపోయారు. ఆవిడ మాట తప్పిన రోజు లేదు మరి. ఆయన అటు వెళ్ళగానే నావైపు తిరిగి, "పుంజండి టీచరుగారూ. కాళ్ళు చూడండి, ఎంతేసున్నాయో. ఇదొక్కటీ నాకు ఉండనివ్వండి," అన్నారు. నన్ను బతిమాలుకోవడం దేనికో అర్థం కాలేదు. బహుశా అక్కడ అడగడానికి నేను తప్ప ఎవరూ లేక అడిగారేమో.

జుట్టు ఎర్రబడుతుంటే దాన్ని నా పెరట్లోకి మార్చారు. మెడమీద ఈక మెరుపు తిరిగింది. కాళ్ళు బలిశాయి. ఆవిడ రోజూ వచ్చి దాన్ని చూసి, "కాస్త ఆలస్యంగా ఎదగకూడదటే?" అని దాన్నే అడిగేవారు.

ఓ ఆదివారం ఆయన అరుగు మీద కూర్చుని గెడ్డం గీసుకుంటున్నారు. పెరట్లోంచి కూత వినబడింది. గొంతు ఇంకా పగల్లేదు, సగంలో జీరపోయింది. ఆయన చేతిలో రేజరు ఆగిపోయింది. ఆవిడ చేతిలో చేట ఆగిపోయింది.

"ఏంటే, నీ పెట్ట కూస్తోందా?"

కోప్పడి ఉంటే ఆవిడ ఎదురు చెప్పేవారేమో. ఆయన పకపకా నవ్వారు. నవ్వుతూనే పెరట్లోకి వచ్చి, పుంజుని చంకలో పెట్టుకుని, "అబ్బ, ఏం పెంచావే!" అని మెచ్చుకున్నారు. ఆవిడ కూడా నవ్వారు. ఆ నవ్వు చూడలేక నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత దాన్ని మేపింది కూడా ఆవిడే. బాదంపప్పు నానబెట్టి పెట్టడం, కాళ్ళకి నూనె రాయడం, కాలవలో ఈదించడం అన్నీ. "మీరే చేయాలాండీ?" అని అడిగాను. "బలం లేకపోతే మొదటి దెబ్బకే పోద్ది కదండీ. ఇంకేం చేయగలను?" అన్నారు.

మరుసటి ఏడు చలికాలంలో, తోటలో పందేలు జరిగిన రోజు, పొద్దు వాలుతుండగా ఆయన వచ్చారు. పుంజు గెలిచింది. తువ్వాల్లో చుట్టి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టారు. రెండో చేతిలో ఓడి చచ్చిన కోడి ఉంది, దాన్ని కోజ అంటారు, గెలిచినవాళ్ళదే. "వండు. టీచరుగారికి కూడా పెట్టు," అన్నారు సంతోషంగా.

ఆవిడ సూదీ దారం తెమ్మన్నారు. నేను పుంజుని పట్టుకుంటే, పసుపు అద్దుతూ రొమ్ము కింద గాయం కుట్టారు. ఒక్కసారి కూడా అది గింజుకోలేదు. కుట్టడం అయ్యాక కోజని దగ్గరికి లాక్కున్నారు. చాలాసేపు చూశారు.

"దీనికీ కాళ్ళకి నూనె రాశారండి ఎవరో," అన్నారు.

తర్వాత లేచి దాన్ని వండారు. ఆయనకి వడ్డించారు. తను మజ్జిగ పోసుకున్నారు. తెల్లారేసరికి పుంజు పోయింది. ఆయనే కొబ్బరిచెట్టు దగ్గర గొయ్యి తీశారు. పూడ్చి, పలుగు పక్కన పడేసి అక్కడే కూలబడిపోయారు. పొలం వెళ్ళలేదు, కాఫీ తాగలేదు. ఆవిడ వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఆ ఇద్దరిలో ఎవరిని ఓదార్చాలో నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఎవరు పిల్లని తెచ్చి అడిగినా, "నాకు చూపు తగ్గిందండి, చెప్పలేను," అనేవారు. చూపు బాగానే ఉండేది. అయినా ఆయన పందేలు మానలేదు. పుంజుల్ని మేపడం ఆవిడకీ తప్పలేదు. తర్వాత నాకు సామర్లకోట బదిలీ అయింది. ఇంకొన్నాళ్ళకి ఆయన పోయారు, గంపలు అటకెక్కాయి.

కిందటేడు ఆవిడని చూడ్డానికి వెళ్ళాను. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. మాట ముద్దగా వస్తోంది. నన్ను గుర్తుపట్టి, "అన్నం తిని వెళ్ళండి," అన్నారు. అంతలో పక్కింటి కోడలు ఓ కోడిపిల్లని తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, "ఏంటో చెప్పు మామ్మా," అని, ఇంట్లో పాలు పొంగుతున్నాయని పరిగెత్తింది. మళ్ళీ రాలేదు.

బస్సు వేళయింది, లేచాను. వీధి గుమ్మం దాటి వెనక్కి చూస్తే, ఆవిడ కుర్చీలో అలాగే ఉన్నారు. కుడిచెయ్యి గుండెకి ఆనించుకుని ఉంది. వేళ్ళ సందులోంచి ఆ పిల్ల తల బయటపెట్టి, వీధిలో వచ్చేపోయే జనాన్ని చూస్తోంది.