బూంది పోగొట్టుకున్న రెండు వేళ్ళు

ఒక అమ్మాయికి తన చేతుల మీద నమ్మకం పోయింది. పోయేట్టు చేసింది నేను. ఆరేళ్ళయింది. ఈ సంగతి తెలిసిన మనిషిని ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే. ఇప్పుడు మీరు రెండోవారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. తెలిసిన ముఖాల ముందు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. నోటిదాకా వచ్చిన మాట, తీరా పెదవి దాటేసరికి, కాఫీ తాగుతావా అన్న మాటగా మారిపోయేది.

ఇదొక నేరమా అంటారేమో. ఒక బల్లి, దాని రెండు కాలివేళ్ళు. నేనూ అలా అనుకుని చూశాను. కొన్ని రోజులు నిద్ర పట్టింది కూడా. కానీ నన్ను తినేస్తున్నది ఆ వేళ్ళు కాదు. ఆ తర్వాత నేను చేసింది.

మొదట నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే ఎందుకు చేశానో మీకు అర్థం కాదు. నాకే సరిగా అర్థం కాదు, అది వేరే విషయం.

నేను బట్టలు కుడతాను. కె.ఆర్.పురం స్టేషనుకు అవతల ఒక ఇంట్లో కింద గదిలో అద్దెకు ఉంటున్నాను. అమ్మ పోయాక ఒక్కదాన్నే. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. అక్కడ నేర్చింది కన్నడం. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో పంచాంగం ముందేసుకుని, కన్నడ అక్షరాలతో పోల్చుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతాను, నెమ్మదిగా. వారానికి మూడు మధ్యాహ్నాలు మిషను మూసేసి లైబ్రరీకి వెళ్తాను. నచ్చిన విషయాల్ని తెలుగులోకి మార్చి నోటుబుక్కులో రాసుకుంటాను. మా వీధిలో ఎవరికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికి వస్తారు. జ్వరానికి ఇచ్చిన మాత్ర ఏమిటి, కరివేపాకు మొక్క ఎందుకు వాడింది, గ్రహణం ఎలా పడుతుంది. "ఆయమ్మ చదివిండాది, అడుగు" అంటారు. ఆ ఒక్క మాట కోసం నేను ఎంతదూరం పోతానో అప్పటికి నాకు తెలియదు.

పై గదిలోకి శిరీష వచ్చింది. విజయవాడ అమ్మాయి, కంప్యూటర్ల ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుంటాయి. మొదటి నెలంతా నన్ను ఆంటీ అంది. రెండో నెలలో ఒక ఆదివారం, జాకెట్టు చేతులు వదులు చేయించుకోవడానికి వచ్చి, ఉన్నట్టుండి పిన్నీ అంది. నన్నలా పిలిచినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. ఆ రోజు కుట్టు రెండుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది.

ఆ అమ్మాయి ఒక బల్లిని తెచ్చుకుంది. లెపర్డ్ గెక్కో అంటారు. పసుపు రంగు ఒళ్ళు, నల్లటి చుక్కలు, లావుపాటి తోక. బూంది అని పేరు పెట్టింది. ఇంటి ఓనరమ్మ మెట్ల మీద నన్ను ఆపి అడిగింది: "ఇంట్లో గోడల మీద ఉండేవి చాలకనా అప్పా, దుడ్డిచ్చి ఇంకోటి తెచ్చుకునింది ఈ పాప? మీద పడితే ఏం ఫలమో పంచాంగంలో చూసి చెప్పు."

"అది గోడ ఎక్కదు ఓనరమ్మా. దాని కాళ్ళకి ఆ పట్టు లేదు. మీ మీద పడాలంటే మీరే దాన్ని నెత్తిన పెట్టుకోవాల" అన్నాను. ఆమె నవ్వింది. నాకు ఎంత గర్వంగా ఉండిందో. గోడ ఎక్కదన్న సంగతి అంతకు రెండు రోజుల ముందే లైబ్రరీలో చదివాను.

ఒక సాయంత్రం శిరీష నా కత్తెర అడిగి తీసుకుంది. ఏం చేస్తుందో చూద్దామని వెంట వెళ్ళాను. ఐస్‌క్రీం డబ్బా ఒకటి బోర్లించి, పక్కన గుండ్రంగా రంధ్రం కోసింది. అంచులు గీరుకోకుండా గరుకు కాగితంతో రుద్దింది. లోపల ఎండునాచు పరిచి, స్ప్రే సీసాతో నీళ్ళు చిమ్మి, గాజుతొట్టిలో ఒక మూలన పెట్టింది. బూంది మెల్లగా వచ్చి, రంధ్రంలో తల పెట్టి చూసి, లోపలికి పోయి పడుకుంది. తోక చివర మాత్రం బయట ఉంది.

"ఎడారి జంతువుకి తడి గూడు ఎందుకు?" అన్నాను.

"స్కిన్ వదిలేటప్పుడు మాయిశ్చర్ కావాలంట పిన్నీ. వీడియోలో చెప్పారు."

వీడియోలో. నాకెక్కడో గుచ్చుకుంది.

ఫిబ్రవరి చివర్లో ఆఫీసు పని మీద శిరీష పుణెకు వెళ్ళింది. ఐదు వారాలు. తాళం నా చేతికిచ్చి, ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చింది. రోజు మార్చి రోజు పురుగులు. రోజూ మంచినీళ్ళు. రెండు రోజులకోసారి నాచు మీద నీళ్ళు చిమ్మాలి, చేత్తో పట్టుకుంటే తడి తెలియాలి, కారకూడదు.

ఆ ఐదు వారాలు నా జీవితంలో బాగున్న రోజులు. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. సాయంత్రం మిషను ఆపేశాక పైకి వెళ్ళడానికి ఒక చోటు ఉండేది. నేను తలుపు తీసిన అలికిడికి బూంది తల ఎత్తేది. ఆ రోజు ఏం కుట్టానో, ఎవరు ఏం బేరమాడారో దానికి చెప్పేదాన్ని.

మొదటి వారంలోనే నాచులో ఒకచోట తెల్లటి బూజు కనపడింది. మర్నాడు లైబ్రరీకి వెళ్ళి, బల్లుల గురించిన పాత ఇంగ్లీషు పుస్తకం తీసి, కావాల్సిన పేజీ వెతికి పట్టుకున్నాను. ఈ జాతి పొడి నేలల్లో, రాళ్ళ మధ్య బతుకుతుందని ఉంది. నాలుగు వాక్యాలు రాసుకున్నాను. పేజీ అయిపోయింది. తిప్పలేదు. ఎందుకు తిప్పలేదు? టైము లేక కాదు. నాకు కావాల్సింది దొరికిపోయింది కాబట్టి. వీడియో చూసి నేర్చుకున్న పిల్ల కంటే నాకు బాగా తెలుసని ఆ నాలుగు వాక్యాలు చెప్పేశాయి కాబట్టి.

నాచు మొత్తం తీసి మిద్దె మీద ఎండబెట్టాను. డబ్బా తుడిచి, కరకరలాడే ఎండునాచే మళ్ళీ పరిచాను. శిరీషకు ఫోన్‌లో చెప్పలేదు. తిరిగొచ్చాక బూంది ఎంత ఆరోగ్యంగా ఉందో చూపించి, అప్పుడు పుస్తకం సంగతి చెప్పాలని నా ఆశ.

మూడో వారంలో దాని రంగు తెల్లగా మారింది. డబ్బాలోకి పోయేది, ఒక చుట్టు తిరిగేది, బయటికి వచ్చేది. మళ్ళీ పోయేది. ఒక సాయంత్రం పదకొండుసార్లు. లెక్కపెట్టాను, ఆడుకుంటోందనుకుని. ఇప్పుడు తలుచుకుంటే... అది దేనికోసం వెతికిందో అక్కడున్న నాకు తప్ప ఇంకెవరికి తెలియాలి?

చర్మం ముక్కలు ముక్కలుగా ఊడింది. ఒంటి మీదిది నోటితో లాగి తినేసింది. కాలివేళ్ళ మీదిది అలాగే ఉండిపోయింది, సన్నటి దారం చుట్టినట్టు. దారాలతో బతికే మనిషిని, బిగిసిన దారం ఏం చేస్తుందో నాకు తెలియదా? దానంతటదే ఊడుతుందనుకున్నాను. శిరీష వచ్చే ముందు రోజు చూస్తే, కుడి ముందుకాలి మీద రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. పూర్తిగా అర్థమైంది.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. చేతులు జోడించి, తప్పయిపోయిందమ్మా అంటే అక్కడితో తీరిపోయేది. నేనేం చేశానో చెప్తాను. స్ప్రే సీసా నిండా నీళ్ళు నింపి, ఆ ఎండునాచంతా తడిపాను. డబ్బా గోడల మీద చుక్కలు నిలిచేదాకా తడిపాను. తాళం వేసి కిందికి వచ్చి అన్నం తిన్నాను.

శిరీష వచ్చిన సాయంత్రం పైనుంచి కేక వినపడింది. నోటుబుక్కు తీసుకునే వెళ్ళాను. అంటే ముందే సిద్ధపడ్డానన్నమాట. శిరీష నేల మీద కూర్చుని ఉంది, బూంది అరచేతిలో.

"పిన్నీ, దీని ఫింగర్స్ చూడండి. డ్రై అయితే ఇలా అవుతుందన్నారు. కానీ నాచు ఇంత తడిగా ఉంది కదా! మీరు స్ప్రే చేస్తూనే ఉన్నారు కదా?"

"నువ్వు రాసిచ్చినట్టే చేసినా."

"మరి ఎందుకిలా?"

నోటుబుక్కు తెరిచాను. నాలుగు వాక్యాలు గట్టిగా చదివాను. పొడి నేలలు, రాళ్ళు. ఆ పేజీలో అక్కడికి అయిపోయింది, కింద తెల్లకాగితం. నేను ఆపలేదు. కళ్ళు కాగితం మీదే ఉంచి, అదే గొంతుతో ఐదో వాక్యం చదివాను: "వీటి గూట్లో తడి ఎక్కువైతే వేళ్ళు కుళ్ళి రాలిపోతాయి."

గొంతు వణకలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను భయపెట్టేది అదే.

"పుస్తకంలో ఉందా పిన్నీ?"

"ఉండాదమ్మా. చదివినా కదా."

తను బూందిని అరచేతిలోంచి మెల్లగా తొట్టిలోకి దించింది. "అయితే నేనే చేశా. మీకు స్ప్రే చేయమని రాసిచ్చింది నేనే కదా. ఏదో వీడియో చూసి, పెద్ద తెలిసినట్టు..."

కాదు అనాలి. ఆ ఒక్క మాటకు చోటు అక్కడే ఉంది. "బాధపడొద్దులే, చిన్నదానివి" అన్నాను. క్షమించేశాను. ఆ అమ్మాయిని నేను క్షమించాను!

మర్నాడు ఇలాంటి జీవాల్ని చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళింది. గూడు తడిగా ఉండేదా అని ఆయన అడిగాడట. బాగా తడిగా ఉండేదని చెప్పిందట. నా అబద్ధం ఆ అమ్మాయి నోట నిజంలా వెళ్ళింది. ఆయన ఏదో మందు రాశాడు. వారంలో రెండు వేళ్ళూ రాలిపోయాయి. కాగితంలో చుట్టి చూపించింది. బియ్యపు నూక కంటే చిన్నవి.

ఆ వారమే లైబ్రరీకి వెళ్ళి అదే పుస్తకం తీశాను. నా ఐదో వాక్యాన్ని నిజం చేసేది ఏదైనా ఉంటుందేమోనని. పేజీ తిప్పాను. ఈ బల్లులు పగలంతా నేల లోపల తేమ ఉన్న బొరియల్లో దాక్కుంటాయనీ, చర్మం వదలడానికి ఆ తేమే ఆధారమనీ మొదటి పంక్తుల్లోనే ఉంది. ఆ అమ్మాయి చెప్పిన మాటే. పుస్తకం మూసి, ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరో వచ్చి కుర్చీ ఖాళీ చేస్తారా అని అడిగారు.

ఇంటికి వెళ్ళి చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకు? చదివిన మనిషినన్న పేరు పోతుందనా? మొదట అలాగే అనుకున్నాను. అంతకంటే కింద ఇంకొకటి ఉంది. పిన్నీ అన్న పిలుపు పోతుందని.

రెండు నెలల తర్వాత దొడ్డబళ్ళాపురం దగ్గర ఇలాంటి జీవాల్ని పెంచే దంపతులకు బూందిని ఇచ్చేసింది. తొట్టి, దీపం, పురుగుల డబ్బా, అన్నీ కారెక్కించడానికి నేనే సాయం చేశాను. రెండు వేళ్ళు లేని కాలితో బూంది బాగానే నడుస్తోంది, బాగానే తింటోంది. ఇవ్వాల్సిన అవసరమే లేదు. "నా దగ్గర ఉంటే మిగతావి కూడా పోగొడతాను పిన్నీ" అంది. తొట్టి మూత మీద నా చెయ్యి ఉంది. పట్టుకుని ఆపలేదు.

ఆ ఏడాదే తను ఊరికి ఆ చివరున్న ఇంకో ఇంటికి మారిపోయింది. అయినా ఫోన్ చేస్తుంది. నెలకోసారి, రెండు నెలలకోసారి. నాకు ఫోన్ చేసేవాళ్ళలో బట్టల సంగతి కోసం కాక చేసేది తనొక్కతే.

పోయిన నెల చేసినప్పుడు మాటల్లో చెప్పింది. స్నేహితురాలు ఊరికి వెళ్తూ పది రోజులు పిల్లిని చూసుకోమందట. "వద్దు, నాకివ్వకు అని చెప్పేశా. మీకు తెలుసు కదా పిన్నీ, నా చేతి సంగతి" అని నవ్వింది. ఆ నవ్వు చాలా మామూలుగా ఉంది. ఎప్పుడో మానిపోయిన సంగతి చెప్పినట్టు. ఆరేళ్ళుగా తన గురించి తను అదే నమ్ముతోంది.

నేనేమన్నానో తెలుసా? "తెలుసులేమ్మా" అన్నాను.

అంటే ఆ రోజు చేసిన తప్పు ఆ రోజుతో పోలేదు. పోయిన నెల మళ్ళీ చేశాను. అందుకే ఇది రాస్తున్నాను. శిరీషకు ఎప్పటికైనా చెప్తానా? చెప్తానని మీకు మాటివ్వలేను. నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకూ తెలుసు. క్షమించమని కూడా అడగను. అది మీ చేతిలో లేదు, అడిగే హక్కు నాకు లేదు.

ఆ గూడు ఎండబెట్టింది నేను. తను వచ్చే ముందు తడిపింది నేను. లేని మాట ఉన్నట్టు చదివింది నేను. శిరీష చేతుల్లో ఏ లోపమూ లేదు.

ఈ నాలుగు ముక్కలూ రాశాక లేచి, కిటికీ దగ్గర నిలబడి, గట్టిగా చదివాను. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరు. అయినా చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు గొంతు వణికింది.