ముగ్గు మీద పడిన నీళ్లు

మొన్న కోదాడలో మా అమ్మాయి ఇంటికి వెళ్లేసరికి ముసురు పట్టి ఉంది. ఏసీ పద్దెనిమిదిలో పెట్టినా ఒళ్లు జిడ్డుజిడ్డుగానే ఉంటోందని, పాడైందేమో చూడమని అడిగింది. గాలిలో తడి ఎక్కువైనప్పుడు యంత్రం ముందు ఆ తడిని పిండుకోవాలి, ఆ తర్వాతే చల్లదనమని, అందులో దాని తప్పేమీ లేదని చెబుతూనే మూత తీశాను. లోపలి నుంచి ముక్కిపోయిన వాసన గుప్పుమంది. ఆ వాసన నాకు తెలుసు.

మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏసీ అంటే కిటికీలో బిగించే పెద్ద పెట్టె, వీధికి ఒకటి ఉంటే గొప్ప. నేను సూర్యాపేటలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే ఒక దుకాణంలో పని నేర్చుకుంటూ, నేర్చింది తక్కువ, చెప్పేది ఎక్కువగా తిరుగుతున్న రోజుల్లో మిర్యాలగూడలో ఉండే మా పెద్దమ్మకు ఉబ్బసం ముదిరింది. వాళ్ల ఇల్లు రైసుమిల్లుల వైపు. ఉడికిన వడ్ల ఆవిరి, వానాకాలపు ఉక్క కలిసి ఆమెకు ఊపిరి ఆడనిచ్చేవి కావు. ఎవరో వాడిన పెట్టె ఒకటి పెద్దనాయన తెప్పిస్తే నేనే బిగించాను. చాలా నెలల తర్వాత ఆమె గోడకు ఆనుకుని కూర్చోకుండా, హాయిగా పడుకుని నిద్రపోయింది. ఇంటిల్లిపాదీ నన్ను మెచ్చుకుంటే నేనూ పొంగిపోయాను.

అయితే ముసురు రోజుల్లో ఆ పెట్టె బిందెలకొద్దీ నీళ్లు కార్చేది. అవి గోడవతల పొరుగింటావిడ వాకిట్లో పడి, పొద్దున వేసిన ముగ్గు కాసేపట్లోనే కొట్టుకుపోయేది. ఆమె చెడ్డ మనిషి కాదు, కానీ కూతురు నెలలు నిండి పురిటికి వచ్చి ఉంది. "పొద్దుగాల్నే ముగ్గు సెరిగిపోతే ఇంటికి మంచిది గాదు, జర సూడక్కా" అని పెద్దమ్మ దగ్గర కన్నీళ్లు పెట్టుకుంది. పెద్దమ్మ తన సంగతి మరిచి ఆ పిల్ల గురించే బెంగపడి, నీళ్లు ఆపమని నాకు కబురు పంపింది.

గొట్టం వేసి వెనక కాలువలోకి మళ్లించాలని నాకు తెలుసు. సామాను తేవడానికి బద్ధకించి, నీళ్లు పోయే రంధ్రాన్ని లప్పం పెట్టి మూసేశాను. లోపలి నీళ్లు వాటంతటవే ఇగిరిపోతాయని ధీమాగా చెప్పి, వచ్చే వారం గొట్టం వేస్తానని బస్సెక్కాను. ఆ వారం కాస్తా నెలన్నర అయింది. ముగ్గు నిలిచింది, పొరుగింట్లో మనవడు పుట్టాడు. పెద్దమ్మకు మాత్రం దగ్గు ఎక్కువైందని పిలిస్తే వెళ్లి మూత తీశాను. అడుగున నిలిచిన నీళ్లు, చుట్టూ నల్లటి బూజు, ఈ వాసనే. ఆ గాలినే ఆమె రోజంతా పీల్చింది. ఎవరికీ చెప్పకుండా అంతా కడిగి, రంధ్రం తెరిచి, గొట్టం వేశాను. పది రోజులకు ఆమె దవాఖానలో పోయింది.

ఉబ్బసం ముదిరే పోయిందన్నారు డాక్టర్లు, అదే నిజమేమో కూడా. కానీ దినాల నాడు పెద్దనాయన నా చెయ్యి పట్టుకుని, "నీ పుణ్యాన గా కొన్ని రోజులన్న సల్లగ పండుకున్నదిరా" అన్నప్పుడు, నోటిదాకా వచ్చిన నిజాన్ని మింగేశాను. అది ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

ఇప్పుడు ప్రతి గోడకూ గొట్టాలు వేలాడుతున్నాయి, ఎవరి నీళ్లు ఎవరి వాకిట్లో పడినా అడిగేవాళ్లు లేరు, తడిని లాగేయడానికి ఏసీల్లో వేరే మీటే వచ్చింది. అమ్మాయి ఇంట్లో ఏసీని రెండుసార్లు కడిగాను, ఎందుకంత కష్టమని అడిగితే ఊరికేనని అన్నాను. పెద్దనాయన పోయి కూడా చాలా ఏళ్లయింది. నన్ను తిట్టే హక్కున్న మనిషి ఇక ఒక్కరూ మిగల్లేదు.