బంగార్రాజు వంతు

బంగార్రాజు ఊపిరి గురించి మా భజన బృందంలో మొదట భయపడ్డవాణ్ణి నేనే. భయమని మర్యాదకి అంటున్నాను, నిజానికి అది చిరాకు. ముప్పై రెండేళ్ళు బడిపంతులుగా చేసినవాణ్ణి, ఎవరైనా వరస తప్పితే ఒళ్ళు మండుకొస్తుంది. బంగార్రాజు సగం వరస పాడి మిగతా సగం దగ్గేవాడు.

అతను బెల్లం వండేవాడు. పదిహేనో ఏట పొయ్యి ముందు కూర్చుని అరవై రెండో ఏట లేచాడు. చెరకు పిప్పి మంట, దాని పొగ, పెనం మీద ఆవిరి, నలభై ఏడేళ్ళు అదే గాలి పీల్చాడు. పాకం ఎప్పుడు దించాలో రంగు చూసి చెప్పేవాడని వడ్డాది నుంచీ బుచ్చయ్యపేట నుంచీ రైతులు కబురు పెట్టేవారు. పని మానేసరికి ఊళ్ళో మంచి పేరు మిగిలింది, గుండెల్లో పిల్లికూతలు మిగిలాయి.

ఇంట్లో కూర్చున్నాక మాట కూడా తగ్గిపోయింది. ఒక శనివారం సాయంత్రం అతని భార్య అప్పలనరసమ్మ అతన్ని మా వీధి రామకోవెలకి తీసుకొచ్చి నా ముందు నిలబెట్టింది.

"గోడ సూసుకుంటూ కూకుంటన్నాడు బాబూ. మీతో పాటు కూకోబెట్టుకోండి. పాడకపోయినా పరవాలేదు" అంది.

పాడకపోయినా పరవాలేదన్న మనిషి, పాడకుండా ఊరుకోలేదు. మొదట్లో నాలుగు మాటలకే ఆయాసం వచ్చేది. అందరూ అంటున్నప్పుడు తను ఆగి గాలి తీసుకునేవాడు, అందరూ ఆగబోతుంటే తను అందుకునేవాడు. ఇది నేను నేర్పింది కాదు. పదిమందిలో పాడితే ఒకడి ఊపిరి అయిపోయినా పాట అయిపోదని అతనే కనిపెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి ఇంటి నుంచి కోవెలకి మధ్యలో కిరాణా కొట్టు అరుగు మీద కూలబడకుండా రాగలిగాడు. రెండో ఏడాదికి నా మీద జోకులు కూడా వేశాడు. అనకాపల్లి డాక్టరు, "పాట మానొద్దు, మందు మానొద్దు, శక్తికి మించి పాడొద్దు" అన్నాడట.

అప్పలనరసమ్మ ప్రతి శనివారం వచ్చేది. ఇన్‌హేలర్ కొంగున ముడేసుకుని, మెట్ల కింద స్తంభానికి ఆనుకుని కూర్చునేది. పెదవి కదిపేది కాదు. ఆమె చూపు మొగుడి మొహం మీద నుంచి పక్కకి పోయేది కాదు. మా బృందంలో ఆడవాళ్ళు మైకు ముందు కూర్చోరు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, అలా నడిచిపోయింది.

ఈ ఏడాది ఏకాహం వచ్చింది. ఏకాహమంటే ఒక సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా నామం ఆగకూడదు. ఒక్కో బృందానికి ఒక్కో గంట వంతు. తర్వాత వచ్చేవాళ్ళు వెనక నిలబడి, మాతో పాటు మూడు సార్లు నామం అన్నాకే మేం లేవాలి. మధ్యలో తెగితే ఊరికి అరిష్టమంటారు. నాలుగేళ్ళ కిందట ఎవరి నోట్లోనో తెగితే, ఆ ఏడు చెరకుకి తెగులు తగిలిన నేరమంతా అతని మీదే తోశారు. పాపం, ఆ మనిషి మళ్ళీ కోవెల గుమ్మం ఎక్కలేదు.

ఏకాహానికి వారం ముందు బంగార్రాజు రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అందుకని జాబితాలో అతని పేరు కొట్టేద్దామనుకున్నాను. అతనికి ఎలా తెలిసిందో, పొద్దున్నే మా గుమ్మంలో ఉన్నాడు.

"నన్ను తీసేత్తన్నారేటి మేస్టారూ?"

"నీ మంచికే బంగార్రాజూ. మధ్యలో నీకేదన్నా అయితే?"

"ఇంటికాడ కూకుంటే అవ్వదా ఏటి?" అన్నాడు. కాస్త ఆగి గాలి పీల్చుకుని, "తీసేస్తే మళ్ళీ గోడే కదా మేస్టారూ" అన్నాడు.

అతని కళ్ళలో భయం చూశాక పేరు కొట్టడానికి చెయ్యి రాలేదు. కానీ నోరు ఊరుకోదు కదా. "నీ దగ్గర తెగిందో, ఇక తాళాలు కొట్టుకుంటూ మూల కూర్చోవాల్సిందే" అన్నాను. సరేనన్నాడు.

మా వంతు మధ్యాహ్నం రెండు నుంచి మూడు. ఆ గంటకి పేర్లిచ్చింది నలుగురం. నేనూ, బంగార్రాజూ, ఇద్దరు అన్నదమ్ములూ. ఎండకి వీధంతా తలుపులేసుకుని పడుకుంది. మూడవుతుండగా ఒక ఆటో మలుపు తిరిగింది. లోపల ఒకడి ఒళ్ళో డోలు కనబడింది. మా తర్వాత వంతు వడ్డాది వాళ్ళది. వచ్చేశారనుకుని, కోవెల వెనక పులిహోర వడ్డిస్తున్నారని, అన్నదమ్ములిద్దరినీ కళ్ళతోనే పంపేశాను. పెద్ద తెలివైనవాణ్ణి. ఆ ఆటో ఆగలేదు. పక్క వీధిలో పెళ్ళికి పోయే బ్యాండు వాళ్ళది అది.

మిగిలింది ఇద్దరం. ఒకసారి నేను, ఒకసారి అతను. నా వంతు అనేసి అతని వైపు చూస్తే, మెడ నరాలు లేచి కనబడుతున్నాయి. వెనక తింటున్నవాళ్ళకి మైకులో నామం వినబడుతూనే ఉంది, ఇంకెందుకొస్తారు. వెళ్ళి వాళ్ళని పిలవమని అప్పలనరసమ్మకి సైగ చేశాను. కదల్లేదు. మళ్ళీ సైగ చేశాను. ఆమె అతన్నే చూస్తోంది. కోపం నషాళానికి అంటింది. ఆ కోపంలో గొంతు ఎక్కువ పెట్టాను. గొంతు ఎండిపోయింది. అతని వంతులో గ్లాసెత్తి రెండు గుక్కలు తాగాను.

పొలమారింది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఆ తలుచుకున్నవాడెవడో దొరికితే తాట తీసేవాణ్ణి. దగ్గు ఆగదు, మాట రాదు, కళ్ళ వెంట నీళ్ళు. మైకు బంగార్రాజు వైపు తిప్పేసి మూతికి కండువా అడ్డం పెట్టుకున్నాను.

బంగార్రాజు ఒక్కడైపోయాడు. ఒక మాట, ఒక ఊపిరి. ఒక మాట, ఒక ఊపిరి. మాటకీ మాటకీ మధ్య సందు పెరుగుతోంది. అతని గోళ్ళు నీలంగా మారడం చూశాను. ఆగిపోరా అందామనుకున్నాను, ఆ క్షణంలో నాకు ఊరూ గుర్తు లేదు, చెరకూ గుర్తు లేదు. నోరు పెగల్లేదు. అతను నా వైపు చూసి చెయ్యి అడ్డంగా ఊపాడు, ఆగనని.

ఇంకో మాట అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు.

ఆ సందులోకి ఆడగొంతు వచ్చింది. అప్పలనరసమ్మ మెట్లెక్కి అతని పక్కన చతికిలబడి ఉంది. ఒక చేత్తో ఇన్‌హేలర్ అతని ఒళ్ళో పడేసింది. నాట్లేసేటప్పుడు గట్టు మీద మనిషిని కేకేసే మోటు గొంతు. కానీ వరస ఒక్క పిసరు తప్పలేదు. అతను మందు పీల్చాడు, కాసేపు కళ్ళు మూసుకున్నాడు, మెల్లగా ఒక మాట కలిపాడు. ఆమె ఆగినచోట అతను, అతను ఆగినచోట ఆమె. నాకు గొంతు తెరుచుకున్నాక నేనూ కలిశాను. ఏడుపు వచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను.

మైకులో ఆడగొంతు విని అన్నదమ్ములు ఎంగిలి చేతులతో పరుగెత్తుకొచ్చారు. వడ్డాది వాళ్ళు మూడూ ఇరవైకి దిగారు. వెనక నిలబడి మూడు సార్లు అన్నారు, మేం లేచాం. ఆమె ఒక్కతే లేవలేదు. కళ్ళు మూసుకుని ఊగుతూ పాడుతూనే ఉంది. బంగార్రాజు ఎప్పుడో ఆగిపోయి ఆమెను చూస్తున్నాడు. భుజం తట్టి లేపాడు.

కింద స్తంభం దగ్గర కూర్చున్నాక అడిగాను. "ఇంత బాగా వచ్చే పాటని ఇన్నాళ్ళూ దాచుకున్నావా అప్పలనరసమ్మా? వాళ్ళని పిలవమని సైగ చేస్తే కదలవేం?"

"నేనెళ్ళిపోతే ఆయన్నెవరు సూస్తారు బాబూ. పాటేటి నాకు? నోరు కదుల్తంటే ఊపిరున్నట్టే కదా అని ఆ నోరే సూసుకుంటూ కూకున్నాను. అదే వచ్చేసినాది." కొంగుతో మొహం తుడుచుకుని, తప్పు ఒప్పుకుంటున్నట్టు మొగుడి వైపు తిరిగింది. "పాట్లో పడి నిన్ను సూడ్డం మర్సిపోనాను."

బంగార్రాజు తీరిగ్గా గాలి పీల్చుకున్నాడు.

"శనివారం కూడా మర్సిపోదువుగాని" అన్నాడు.