టీవీలో మా నాన్న చెయ్యి

మా వంశంలో మగవాళ్లందరికీ కుడిచేతి చిటికెన వేలు బయటికి వంగి ఉంటుంది. తర్వాత్తర్వాత నేను టీవీ నాటకాలు తీశాను, వాటిలో వేషాలూ వేశాను. ఇదంతా నా ప్రతిభే అని చెప్పుకోవాలని నాకూ ఉంది, కాని సాక్షులు ఇంకా బతికే ఉన్నారు. నన్ను నిలబెట్టింది ఆ వంకర వేలే.

డెబ్బైల చివర్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో హార్మోనియం వాయించేవాణ్ణి. వాళ్లకి కావలసింది హార్మోనియం, దాంతోపాటు నేనూ వచ్చేవాణ్ణి. పోర్టులో కళాసీగా పనిచేసే మా నాన్నకి ఆ పెట్టెని చూస్తే ఒళ్లుమంట. విశాఖకి టీవీ వచ్చిన కొత్తలో, ఒక నాటకం వాళ్లు పెందుర్తిలో షూటింగుకి దిగి హార్మోనియం ఉన్న మనిషి కావాలని కబురు పెట్టారు. వెంటనే మా నాన్న షరతు పెట్టాడు.

"నీ మొకం టీవీలో అగుపడితే సరే. నేపోతే ఆ పెట్టి మన ఈది సాయిబుకిచ్చీసి, ఉక్కు ఫేక్టరీలో కంట్రాక్టరు కాడ పన్లో సేరిపో."

అక్కడ నన్ను ప్రొడక్షన్ మేనేజర్ అన్నారు. అంటే షాటు తీస్తున్నంతసేపూ పక్కింటి కోడిపుంజుని ఒళ్లో పెట్టుకుని కూయకుండా చూడాలి. రెండు రోజులు శ్రద్ధగా చూశాను. మూడో రోజు హీరో హార్మోనియం వాయించే సీను. ఆయన వేళ్లు హార్మోనియం మెట్ల మీద చపాతీ పిండి పిసుకుతున్నాయి. డైరెక్టరు తల పట్టుకుని, "ఆ కోడి అబ్బాయిని పిలవండి" అన్నాడు. హీరో చొక్కా నాకు తొడిగి, నా చెయ్యి మాత్రం తీశారు. శబ్దం హైదరాబాదులో ఇంకెవరో వాయిస్తారట. మొహం ఆయనది, మోత మరొకరిది, చెయ్యి నాది.

ఈ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పాత ఊళ్లో మా వీధికంతటికీ టీవీ ఉన్నది హార్మోనియాలు బాగుచేసే ఆ సాయిబుగారికే. నాటకం రోజు వీధంతా ఆయన దుకాణం ముందు కూర్చుంది. మా నాన్న పోర్టు స్నేహితుల్ని వెంటేసుకుని, నా హార్మోనియం కూడా మోసుకొచ్చాడు, నా మొహం రాకపోతే అటునుంచటే అప్పగించేద్దామని. నేను కుడిచెయ్యి జేబులో దాచుకున్నాను.

హీరో మొహం వచ్చింది. "నువ్వేడ్రా?" అన్నాడు నాన్న. అంతలో తెర నిండా ఒక చెయ్యి, వంగిన చిటికెన వేలు. నాన్న లేచి నిలబడ్డాడు.

"ఇదేట్రా, నా సెయ్యి టీవీలోకెలాగెల్లింది?"

స్నేహితుడొకాయన నాన్న చెయ్యి లాగి తెర పక్కన పెట్టి చూశాడు. "నీదే బావా! మాకు సెప్పనేదేటి?"

సాయిబుగారు కళ్లజోడు పెట్టుకుని చూసి, ఈ చెయ్యే ఆ చెయ్యి అని తేల్చేశారు. నాన్న నావైపు చూశాడు. నేను జేబులోంచి నా చెయ్యి తీసి చూపించాను. ఆయనకి అర్థమైంది. అయినా ఎత్తిన చెయ్యి దించలేదు.

"మొన్న సెలవెట్టి షూటింగుకెల్లొచ్చినాను," అన్నాడు అందరితో.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. మొహమూ మోతా ఎలాగూ లేవు, మిగిలిన ఒక్క చెయ్యీ మా నాన్న పట్టుకుపోయాడు. హార్మోనియాన్ని మాత్రం తిరిగి ఇంటికి ఆయనే నెత్తిన పెట్టుకుని తెచ్చాడు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి, తలుపు గడియ వేసి, పెట్టె ముందు కూర్చున్నాడు. "పోర్టులో అందరూ వాయించమంతన్నారు. ఒక్క పాట నేర్పరా."

ఆ వంకర వేలితో పక్క మెట్టు తగలకుండా ఒక్క మెట్టు నొక్కడానికి ఆయనకి గంట పట్టింది. చొక్కా తడిసిపోయింది. వేలు రుద్దుకుంటూ నావైపు చూశాడు.

"ఇన్నాళ్లూ నువ్వు సేసింది ఇదేట్రా?" అన్నాడు.